పట్టణపు అంచున నివాసము – కంచన్‌బాగు వృత్తాంతము

గడచిన సర్వసభ్య సమావేశము ముగిసిన పిదప మన సంఘ సభ్యులొకరు మమ్ము సమీపించి యొక ప్రశ్న వేసిరి. వారికి గల నాలుగెకరముల మాగాణిలో ఒక ఎకరము అమ్ముడుపోయినది. కుమారునకు హైదరాబాదులో ఉద్యోగము దొరకినది. వచ్చిన సొమ్ముతో నగరపు పొలిమేరను రెండువందల గజముల స్థలము కొని యిల్లు కట్టుకొనవలెనని వారి సంకల్పము. “పొలము కొనుట మాకు తెలిసిన పనియే. నేల రంగు చూతుము, బావిలో నీరు చూతుము, గట్టు తగవులేమైన గలవేమో పొరుగువానిని అడుగుదుము. ఈ ప్లాటు కొనుట యెట్లో తెలియకున్నది. కాగితములు చూపుచున్నారు, అన్నియు సరిగానే యున్నవనుచున్నారు. కాగితములు గాక మేము చూడవలసిన దేమి?” అని వారడిగిరి.

ఆ దినమున మేము తగిన ప్రత్యుత్తర మీయలేకపోతిమి. ఇట్టి ప్రశ్న వారి యొక్కరిదే కాదు. పట్టణములకు చేరువనున్న గ్రామములలో నేడు పొలమును ప్లాట్లకై అమ్మువారు కొందరు, అట్టి ప్లాటును మరియొకచోట కొనువారు కొందరు; పలుమారులు ఆ యిరువురును ఒక్కరే. కావున ఒక పేటను ఉదాహరణముగా తీసికొని, పట్టణపు అంచున నివాసమెట్లేర్పడునో, అచ్చట జనులెట్లు కాలము గడపుదురో, అచ్చటి యిండ్ల క్రింది నేల యే నేలయో సభ్యులకు విశదపరుప దలచితిమి. ఆ పేట హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయమున నున్న కంచన్‌బాగు.

చార్మినారు వైపునుండి సైదాబాదు, సంతోషనగరము మీదుగ పోయినచో కంచన్‌బాగు చేరుదుము. దీనికి తూర్పున నాగార్జునసాగరమునకు పోవు రహదారియు, పడమట చాంద్రాయణగుట్ట మీదుగ శ్రీశైలమునకు పోవు రహదారియు గలవు. ఈ రెంటిని కలుపుచు ఎల్బీనగరమునుండి ఆరాంఘరు వైపు సాగు లోపలి వలయపు బాట యీ పేటను ఒరసికొని పోవును. దక్షిణమున బాలాపురము. కంచన్ అనగా బంగారము, బాగ్ అనగా తోట. పడమటనున్న బార్కాసు జామపండ్లకు పేరుగన్న చోటు. నిజాము ప్రభువుల కొలువులోని అరబ్బు సైనికులు నివసించిన బారకాసులవలన దానికా పేరు కలిగినది. ఆ సైనికుల సంతతివారు నేటికిని అచ్చటనే కాపురముండి, పూర్వుల దేశమైన యెమెను నాటి వంటలను, వేషమును కొంతవరకు నిలుపుకొనియున్నారు.

కంచన్‌బాగును పేటగా చేసినది సైన్యమునకు సంబంధించిన వేరొక పని. 1962లో రక్షణశాఖవారి పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల ఢిల్లీనుండి హైదరాబాదునకు తరలి వచ్చినది. మరుసటి సంవత్సరము, అనగా 1963లో, లోహములను గూర్చి పరిశోధించు ప్రయోగశాల యేర్పడినది. జనులు నేడు డి.ఎం.ఆర్.ఎల్. చౌరస్తా అని పిలుచునది దీని పేరనే. 1970లో క్షిపణులను తయారుచేయు భారత్ డైనమిక్సు సంస్థయు, 1973లో మేలుజాతి ఉక్కును, టైటానియము మొదలగు లోహములను పోతపోయు మిశ్రధాతు నిగమమును స్థాపింపబడినవి. మిశ్రధాతు నిగమమనిన ఆటోవానికి తెలియదు, మిధాని యనవలెను. 1982లో అబ్దుల్ కలాముగారు పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు సంచాలకులుగా వచ్చిరి. 1983లో క్షిపణి నిర్మాణ కార్యక్రమము మంజూరైనది. 1988లో ఇమారత్ పరిశోధన కేంద్రము వెలసినది. ఈ చివరి కేంద్రమున్న చోటి పేరు ఇమారత్ కంచ. కంచ యనగా పశువులు మేయు బీడని తెలంగాణపు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. అగ్ని క్షిపణికి సంబంధించిన కొలతలు, పరీక్షలు జరుగు చోటికి పసులమేత బీడు పేరే నిలిచియుండుట మాకు వింతగను, కొంత ఇష్టముగను తోచినది.

ఇన్ని కార్యాలయములు ఒక్కచోట చేరినపుడు పేట యెట్లు పెరుగునో ఊహించుట కష్టము కాదు. మొదట ఉద్యోగులకు క్వార్టర్లు, వారి పిల్లలకు కేంద్రీయ విద్యాలయము, వైద్యశాల వచ్చినవి. తరువాత ఆ ఉద్యోగులకు పాలు, కూరలు, బట్టలు, మరమ్మతు పనులు సమకూర్చువారు వచ్చిరి. వారికి ఇండ్లు కావలసివచ్చెను. పాతబస్తీలో ఇరుకైన యిండ్లలో పెరిగిన కుటుంబములు వేరుపడి అగ్గువ స్థలము వెదకుకొనుచు ఈ దిక్కునకే జరిగినవి. బస్సులు వచ్చినవి; మిధాని పేర బస్సు డిపోయే యున్నది. 2021 డిసెంబరులో మిధాని కూడలి మొదలు ఒవైసీ ఆసుపత్రి కూడలి వరకు పైవంతెన నొకదానిని కట్టి, దానికి కలాముగారి పేరు పెట్టిరి.

నేడచ్చట నడచి చూచినవారికి ఒకదాని ప్రక్కన ఒకటిగ రెండు ఊళ్లు కనబడును. ప్రహరీగోడకు లోపలిది మొదటిది: వెడల్పైన బాటలు, వరుసగ నాటిన చెట్లు, ఇంటికి ఇంటికి మధ్య ఎడము, వాననీరు పోవుటకు ముందే త్రవ్వియుంచిన కాలువలు. గోడకు వెలుపలిది రెండవది: అరువది, ఎనుబది, నూరు గజముల స్థలములలో గోడకు గోడ ఆనించి కట్టిన రెండంతస్తుల, మూడంతస్తుల యిండ్లు. అరుగు వేయుటకు చోటు లేదు, అరుగుండవలసిన చోట మోటారు సైకిలు నిలుచును. అంగళ్లలో దక్కనీ ఉర్దూ, తెలుగు రెండును వినబడును. కూరలమ్మువారు రెంటిలోను బేరమాడుదురు. ఇరుగుపొరుగు సహాయమునకు కొదవలేదు. పెండ్లియైనను చావైనను వీధి వీధియంతయు వచ్చి నిలుచును. ఈ విషయమున ఆ సందులు మన పల్లెకే దగ్గర.

పల్లెనుండి వచ్చి చేరిన ముసలివారికి మాత్రము కొన్ని కొరతలు తోచును. దొడ్డి లేదు. ఒడియములు, మిరపకాయలు ఎండబెట్టుటకు మిద్దెయెక్కవలెను. పాడి లేదు, పాలు పొట్లములో వచ్చును. ఇంట నున్నది తెచ్చి వండుకొనుట పోయి, ప్రతిదియు కొని వండుకొనుట వచ్చును. కుమారుని జీతము లెక్కించునపుడు ఈ కొనుగోళ్లను లెక్కలో చేర్చుట మన రైతులు మరచుచున్నారు. నీటి విషయము కొంత మేలైనది. నగరమునకు కృష్ణా జలములు నూరు కిలోమీటర్లకు మించిన దూరమునుండి గొట్టములలో వచ్చుచున్నవి. వాని మొదటి దశ 2004లో పూర్తియైనది. 2021 జనవరిలో గృహమునకు నెలకు 20,000 లీటర్ల వరకు రుసుము లేకుండ ఇచ్చు పద్ధతి మొదలైనది. ఇంత దూరమునుండి నీరు రప్పించుకొను ఈ దిక్కుననే పూర్వమెన్ని చెరువులు కుంటలు ఉండెనో తలచుకొన్నపుడు ఈ వ్యాసమునకు మూలమైన విషయమునకు వచ్చుచున్నాము.

మన దక్కను మెట్టనేలలలో చెరువు ఒంటరిగ నుండదు. పైన నొక చెరువు, దాని మత్తడి పొర్లిన నీరు పోయి చేరుటకు క్రింద నొక చెరువు, దాని క్రింద నింకొకటి, ఇట్లు గొలుసుగ సాగి తుదకు వాగులోనో నదిలోనో కలియును. సర్కారు జిల్లాలవారు అలుగు లేక కళింగ యనునదే తెలంగాణములో మత్తడి. రెండు చెరువుల నడుమ ఆయకట్టు పొలములు. తూము దింపుట, ఎత్తుట నీరటికాని పని. ఏ కట్టయైనను తన సొంత పరీవాహకపు నీటిని, పై చెరువునుండి దిగివచ్చు నీటిని, రెంటిని ఓర్చునట్లు పెద్దలు కట్టిరి. ఆ ఓర్పునకు ఒక షరతున్నది. మత్తడి మూయరాదు, మత్తడి క్రింది కాలువ సన్నబడరాదు. ఈ రెంటిలో ఏది తప్పినను నీరు కట్టనెక్కును. మట్టికట్ట పైనుండి నీరు దొర్లిన గంటలలో తెగును. పై చెరువు తెగినచో ఆ నీరంతయు ఒక్కుమ్మడిగ పడి క్రింది చెరువు నిలువదు. ఈ సంగతి రైతులకు మేము చెప్పవలసినది కాదు, నగరవాసులకు రైతులు చెప్పవలసినది.

హైదరాబాదు నగరమీ సంగతిని ఒకమారు మిక్కిలి వెలయిచ్చి తెలిసికొనినది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి వేలకొలది ప్రాణములు తీసినది. తరువాత విచారణకై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నగరమునకు ఎగువనున్న పరీవాహకములో 788 చెరువులున్నవని, వానిలో 221 తెగినవని లెక్క చూపిరి. కురిసిన వానకు తెగిన చెరువుల నీరు తోడై నదిలో పడినది. ఆయన సలహాపై మూసీమీద ఉస్మాన్‌సాగరును 1920 నాటికి, ఈసీమీద హిమాయత్‌సాగరును 1927 నాటికి కట్టిరి. నదివలని భయము చాలవరకు తగ్గినది. నదికి దక్షిణముననున్న గొలుసు చెరువుల సంగతి మాత్రము ఆ జలాశయములతో తీరునది కాదు, ఏలయన ఆ నీరు వానిలోనికి పోదు. అది బాలాపురము, చాంద్రాయణగుట్ట వైపులనుండి ఈ పేటల నడుమగా దిగి మూసీని చేరవలసినదే.

2020 అక్టోబరు 13వ తేదీన ఒక పగలు, ఒక రాత్రి హైదరాబాదులో ఎడతెగని వాన కురిసినది. బేగంపేటలోని వాతావరణ కేంద్రమున 24 గంటలలో 19 సెంటీమీటర్లు, అనగా ఏడున్నర అంగుళములు, నమోదైనది. నగరపు తూర్పున ఘట్కేసరులో అంతకంటెను చాల హెచ్చు. ఆ రాత్రి పాతబస్తీ దక్షిణ భాగములలో గోడలు కూలియు, ప్రవాహమున కొట్టుకొనిపోయియు అనేకులు మరణించిరి, పల్లెచెరువు తెగినది. జనులు బురద యెత్తిపోసికొనుచుండగనే 17వ తేదీ రాత్రి మరల పెద్దవాన వచ్చినది. బాలాపురపు గుఱ్ఱము చెరువు కట్ట తెగి, కంచన్‌బాగుకు ఆనుకొనియున్న హఫీజ్‌బాబానగరము మొదలగు పేటలలో నీరు జొరబడినది. నడుములోతు నీటిలో వాహనములు తేలిపోయినవి. బియ్యము, మంచములు, పిల్లల పుస్తకములు, శీతలపు పెట్టెలు అన్నియు తడిసిపోయినవి. వరదకు గురియైన కుటుంబమునకు పదివేల రూపాయల చొప్పున ప్రభుత్వము సహాయము ప్రకటించినది.

ఆ సందులలోని యిండ్లవారందరును తెలిసి చెరువు దారిలో ఇల్లు కట్టుకొన్నారని యెవరును అనరాదు. స్థలము కొనునాటికి వారికి కనబడినది ఎండిన మైదానము. గీతలు గీచిన బాటలు, పాతిన రాళ్లు మాత్రమే చూచిరి. పై చెరువు ఎక్కడ, మత్తడి యెటు, కాలువ యెటు పోవునను ప్రశ్న వారికి తోచలేదు. వారు సేద్యము చేసినవారు కారు. అమ్మినవారికి తోచియుండవచ్చును గాని చెప్పలేదు. మా మాట కొందరికి కటువుగ నుండవచ్చు. అయినను ఆయకట్టు రైతునకు కాలువ ఆనవాలు తెలియకుండుట అసంభవము.

ఇచ్చట కొంచెము లెక్క వేయుదము. ఏడున్నర అంగుళముల వాన ఒక ఎకరముపై పడినచో సుమారు 7 లక్షల 70 వేల లీటర్ల నీరగును. అయిదువేల లీటర్ల ట్యాంకరు బండ్లు నూటయేబదికి పైగా నిండును. ఆ యెకరము వరిమడియై, ఆరంగుళముల గట్లు గలదైనచో అందులో 6 లక్షల లీటర్ల వరకు అచ్చటనే నిలుచును. కొంత ఇంకును, మిగిలినది మెల్లమెల్లగ క్రింది మడిలోనికి దిగును. వరిపొలము కూడ ఒక చిన్న చెరువే. అదే యెకరము మిద్దెలు, సిమెంటు బాటలు అయినచో నిలుచుటకు చోటు లేదు, ఇంకుటకు మన్ను లేదు. పడిన నీరు పడినట్లే నిమిషములలో బాటమీదికి వచ్చును. నూరెకరముల ఆయకట్టు ఇట్లు మారినచో ఏడుకోట్ల డెబ్బదిలక్షల లీటర్లు ఒక్కసారిగ దారి వెదకును. పూర్వమున్న కాలువ మడుల క్రింది మిగులు నీటికి సరిపోవునట్లు త్రవ్వినది. ఇప్పుడు దానికి నీరు పలురెట్లు పెరిగినది. కాలువయో ఇరుప్రక్కల ఇండ్లు జరుగగా సన్నబడినది. చెత్త పడి లోతు తగ్గినది. పై చెరువు తెగకపోయినను ఇట్టిచోట వీధి మునుగుటకు పెద్దవాన యొక్కటి చాలును. 2021లో నగరపాలకులు ఈ నాలాలను వెడల్పుచేయుటకు ప్రత్యేక కార్యక్రమము నొకదానిని చేపట్టిరి. ఒకసారి యిండ్లు లేచిన తరువాత కాలువ వెడల్పు చేయుట ఎంత వ్యయప్రయాసలతో కూడిన పనియో సభ్యులు ఊహించుకొనగలరు.

(నాలా యను మాట హైదరాబాదులో రెండర్థములలో వాడుకలో నున్నది. వీధిలో నాలా యనిన వాననీటి కాలువ. తహసీలు కచ్చేరిలో నాలా యనిన సేద్యపు భూమిని ఇతరోపయోగమునకు మార్చుటకు 2006 నాటి చట్టము క్రింద పొందు అనుమతి, చెల్లించు రుసుము. రెండవ నాలా ఉన్నది గదాయని మొదటి నాలాను మరచినవారు పెక్కురు.)

పొలము ప్లాట్లగు విధమును కూడ చెప్పవలెను. ఎకరమునకు 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజములు, మొత్తము 4840 గజములు. బాటలకు నూటికి 30 వంతులు, ఖాళీ స్థలమునకు 10 వంతులు విడిచిరనుకొందము. మిగిలినది 2904 గజములు. రెండువందల గజముల చొప్పున పదునాలుగు ప్లాట్లు. గజము లెక్కన అమ్మువారికి ఒక్కొక్క గజము మీదనే కన్ను. కాలువకు ఇరుప్రక్కల విడువవలసిన చోటు నూరు గజములు వారికి నష్టముగ తోచును. ఖాళీ స్థలము పటములో నుండి నేలపై లేకపోవుట, కాలువ నేలపై నుండి పటములో లేకపోవుట, ఈ రెండును మేము పలుచోట్ల చూచిన మోసములు.

భూమి వెల యెట్లు పెరిగినదో తెలుపుటకు బాలాపురమున ఒక వింత కొలత గలదు. వినాయక చవితి ఉత్సవమున అచ్చట లడ్డూప్రసాదమును వేలము వేయు ఆచారము 1994లో మొదలైనది. మొదటి సంవత్సరము అది 450 రూపాయలకు పోయినది. పాడుకొన్నవారు రైతే, ప్రసాదమును తన పొలములో చల్లుకొనిరి, పంట మంచిగ వచ్చెనని చెప్పుకొనిరి. 2024లో ఆ లడ్డూ 30 లక్షల ఒక వేయి రూపాయలకు పోయినది. భక్తి యంతకు అంత పెరిగినదేమో మేము చెప్పజాలము గాని, చుట్టుప్రక్కల నేల వెల పెరిగినదనుట మాత్రము నిశ్చయము. వేలపు సొమ్ము గ్రామాభివృద్ధికి వినియోగించుచుండుట సంతోషకరము.

ఇక సభ్యుని ప్రశ్నకు వత్తము. కాగితములన్నియు సరిగానే యున్నపుడు చూడవలసిన దేమి?

చెరువు గర్భములోని భూమిని తెలంగాణములో శిఖమందురు. అందులో సర్కారుది గాక పట్టాదారులది కూడ కలదు. శిఖము పట్టా గలవాడు ఆ భూమికి యజమానియే. అమ్మవచ్చును, కొనవచ్చును, రిజిస్ట్రారు కచ్చేరిలో దస్తావేజు నమోదు కావచ్చును. ఇ.సి. తీయించిన ఏ తాకట్టును కనబడకపోవచ్చును. అయినను ఆ పట్టా నీరు తగ్గినపుడు సేద్యము చేసికొనుటకే గాని యిల్లు కట్టుటకు కాదు. కాగితము నిజమైనదే, ఇల్లు మాత్రము నిలువరానిది. ఈ సూక్ష్మము తెలియక మోసపోయినవారిలో చదువుకొన్నవారే యెక్కువ. 2024 జూలైలో చెరువుల రక్షణకై హైదరాబాదులో హైడ్రా యను సంస్థను ప్రభుత్వము ఏర్పరచినది. అది చెరువుల నిండుమట్టములోని కట్టడములను పడగొట్ట మొదలిడినపుడు, తాము రిజిస్టరు చేయించుకొని బ్యాంకు అప్పు తెచ్చి కట్టుకొంటిమని మొరపెట్టుకొనినవారు పలువురుండిరి.

కావున దస్తావేజునకు ముందు పాత పహాణీని, గ్రామ నక్షాను చూడవలెను. పహాణీలో ఆ సర్వే నంబరు శిఖమో, కుంటయో, బంచరాయో, పట్టాయో తెలియును. నక్షాలో చెరువు, వాగు, బండ్లబాట గీయబడియుండును. ఎన్నో నంబరులో ప్లాటున్నదో దానికి పైని నంబరేది, క్రింది నంబరేది యని చూచుకొనవలెను. హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థవారు, అనగా హెచ్.ఎం.డి.ఏ.వారు, తమ పరిధిలోని చెరువులకు నిండుమట్టపు పటములు సిద్ధపరచి ప్రకటించుచున్నారు. ఆ పటము నొకదానిని సంపాదించుట కష్టము కాదు. 2012 నాటి కట్టడపు నియమములు ఇట్లున్నవి: పది హెక్టార్లు, అనగా ఇంచుమించు ఇరువదియైదెకరములు, అంతకు మించిన చెరువైనచో నిండుమట్టపు హద్దునుండి 30 మీటర్ల వరకు ఇల్లు కట్టరాదు. అంతకు చిన్న చెరువు, కుంటయైనచో 9 మీటర్లు. పది మీటర్లకు మించిన వెడల్పు గల వాగు, నాలాకు 9 మీటర్లు. అంతకు సన్ననిదానికి 2 మీటర్లు. హద్దు నిండుమట్టమునుండి కొలువవలెను గాని వేసవిలో నీరున్నచోటినుండి కాదు. అమ్మువారు వేసవిలో తీసికొనిపోయి చూపుటకు కారణ మిదియే.

కాగితము తరువాత నేల. ఈ పని రైతు కంటె బాగుగ చేయగలవారు లేరు. చుట్టును మెరకయై నడుమ పల్లముగ నున్నదా? జమ్ము, తుంగ మొలచియున్నవా? నల్లని ఒండ్రు పొరపై వేరొకచోటినుండి తెచ్చిన మొరము పోసి చదును చేసినారా? గునపముతో రెండడుగులు త్రవ్విన తేలిపోవును. సమీపపు పాత యిండ్ల గోడలపై నీటిచార యెంత యెత్తున నున్నది? సున్నము వేసినను చెమ్మ గోడలో చారను దాచుట కష్టము. పొరుగువారి గడపలు వీధికంటె మూడడుగుల యెత్తున కట్టియున్నచో వారేదో అనుభవించియే కట్టిరని తెలియవలెను. ఊరిలోని వృద్ధుని, వీలైనచో నీరటి కుటుంబమువానిని, మత్తడి నీరు ఎటు పోవుచుండెడిదని అడుగవలెను. అమ్మువాడు వెంట నుండగా కాక, ఒంటరిగ పోయి యడుగవలెను.

గృహనిర్మాణ సహకార సంఘముద్వారా కొనుట మేలుకాదా యని కొందరందురు. మేలే. మనదేశమున 1909లోనే బెంగుళూరులో ఇట్టి సంఘమేర్పడినది; హైదరాబాదులోను 1964 సహకార సంఘముల చట్టమునకు పూర్వమునుండియే గృహనిర్మాణ సంఘములు గలవు. నలుగురు కలిసి పెద్దచెక్క కొనునపుడు అనుమతులకు, బాటలకు, కాలువలకు బలము చేకూరును. కాని సంఘమనగానే నమ్మి, సభ్యత్వపు రుసుము కట్టి కూర్చుండుట సహకార పద్ధతి కాదు. సంఘపు లెక్కలు, కొనిన భూమి సర్వే నంబర్లు సర్వసభ్య సమావేశమున అడిగి తెలిసికొను హక్కు ప్రతి సభ్యునకు గలదు. ఆ హక్కును వాడనివారికి దానివలన ప్రయోజనము లేదు.

అమ్ము రైతులతో కూడ మాకొక విన్నపము గలదు. పొలమును అమ్ముకొను హక్కు వారిది, దానిని మేము ప్రశ్నింపము. ఆడపిల్ల పెండ్లికో, అప్పు తీర్చుటకో అమ్మవలసివచ్చిన కష్టము మేమెరుగుదుము. అమ్మునపుడు ఆ చెక్కలోని కాలువను, దాని వెడల్పును దస్తావేజులో హద్దులతో వ్రాయించినచో తరువాత కొనువాడు దానిని లేదనలేడు. ఆయకట్టులో పైపొలమువారు ప్లాట్లు వేయించి కాలువ పూడ్చినచో, ఇంకను సేద్యము చేయుచున్న క్రింది పొలమువారికి వేసవిలో నీరందదు, వానకాలమున మడి మునుగును. వారు మన సంఘ సభ్యులే, మన అప్పు తీసికొని పైరు పెట్టినవారే. లేఅవుటు దరఖాస్తు వచ్చినపుడే గ్రామస్థులు కలిసి కాలువ పటమును జతపరచి అధికారులకు వ్రాసికొనుట మంచిది. రాళ్లు పాతిన పిదప వ్రాసిన అర్జీకి బలము తక్కువ.

ఈ సంగతులన్నియు ప్రశ్న వేసిన సభ్యునకు మేము వినిపించితిమి. ఆయన చాలసేపు మాటాడక, తాను బయానా ఇచ్చుటకు నిశ్చయించుకొన్న స్థలము పేరు చెప్పక, అది యొక కుంటకు క్రిందనున్నదని మాత్రము చెప్పిరి. కుంట పైనున్న గుట్టలను కూడ రాతిపనికై కొట్టుచున్నారట. చైత్రమాసమున పోయి చూచితిరాయని మేమడుగగా అవుననిరి. బయానా ఇంకను చేతిలోనే యున్నది. ఆషాఢమున మొదటి పెద్దవాన పడిన మరునాడే గొడుగు పట్టుకొని పోయి, ఆ ప్లాటులో నిలుచుండి, నీరెటునుండి వచ్చి యెటు పోవుచున్నదో చూచి వచ్చెదననియు, అంతవరకు సొమ్మును మన సంఘములోనే డిపాజిటుగ నుంచెదననియు చెప్పి వెడలిరి.